ఏడాది పాటు సైకిలు, పుస్తకాలు, వైన్: నా లెక్క ఇది, ఏది వదులుకోవాలో చెప్పండి

నార్సింగి సైకిలు
28 డిసెంబర్ 2024, ఉదయం 6.40

కిందటి జనవరి ఒకటిన ఇక్కడే ఒక ప్రతిజ్ఞ చేశాను. గుర్తున్నవాళ్లు కాస్త దయ చూపండి. ఏడాదిలో మూడు వేల కిలోమీటర్లు సైకిలు తొక్కుతాను, ఇరవై నాలుగు పుస్తకాలు చదువుతాను, నెలకో సీసా చొప్పున పన్నెండు రకాల వైన్ రుచి చూసి దాని సంగతేమిటో తెలుసుకుంటాను అన్నాను. వయసు నలభై నాలుగు. పగలంతా కంప్యూటరు, సాయంత్రమంతా ఫోను. ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎవరో "మీ వ్యాపకాలేమిటి" అని అడిగితే ఎంత ఆలోచించినా ఏమీ తట్టక "నిద్ర" అన్నాను. పంక్తిలో అందరూ నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్ర కూడా పట్టలేదు.

ఇక లెక్క. సైకిలు 2,140 కిలోమీటర్లు. పుస్తకాలు పూర్తిగా పదిహేను, సగంలో ఆగినవి నాలుగు. వైన్ తొమ్మిది సీసాలు. అందులో ఒకటి ఫ్రిజ్ తలుపులో మూడు వారాలు మరిచిపోతే పులిసిపోయింది. దాన్ని చేపల పులుసులో పోద్దామన్నాను. ఇంట్లో ఒప్పుకోలేదు.

సైకిలు ఈ మాత్రమైనా సాగిందంటే ఇంటి దగ్గరున్న బాట పుణ్యమే. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాలు కప్పుగా వేసి కట్టినది, 2023 అక్టోబరులో తెరిచారు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక ముక్క, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఇంకొకటి, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. నెత్తిన నీడ, పక్కన లారీ లేదు. అయినా మార్చిలో మోకాలు పట్టేసింది. ఏప్రిల్ నెలంతా సైకిలు బాల్కనీలో తువాళ్లు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

అసలు ఇబ్బంది వేరే. మూడు వ్యాపకాలు ఒకేసారి పెట్టుకోవడం ముగ్గురు సవతులతో కాపురం లాంటిది. శనివారం రాత్రి రెండు గ్లాసులు తాగితే ఆదివారం తెల్లవారుజామున లేవలేను. లేచి నలభై కిలోమీటర్లు తొక్కి వస్తే మధ్యాహ్నం పుస్తకం మూడో పేజీకే ముఖం మీద పడుతుంది. పుస్తకం పట్టు చిక్కి రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటే మర్నాడు సైకిలు లేదు. వచ్చే ఏడాది ఒకదాన్ని వదిలేద్దామనుకుంటున్నాను. ఏది?

ముల్లూ పంక్చరూ
28 డిసెంబర్ 2024, ఉదయం 7.15

అన్నీ తర్వాత. మోకాలు నొప్పి ముందువైపా, వెనకవైపా?

నార్సింగి సైకిలు
28 డిసెంబర్ 2024, ఉదయం 7.22

ముందువైపు, చిప్ప కింద. మెట్లు దిగుతుంటే ఎక్కువ.

ముల్లూ పంక్చరూ
28 డిసెంబర్ 2024, ఉదయం 7.50

అయితే మీ సీటు కిందికి ఉంది. వందలో తొంభైమంది కొత్తవాళ్లది ఇదే తప్పు. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించుకుంటారు. అలా తొక్కితే మోకాలు ప్రతి చుట్టుకూ మరీ ఎక్కువగా ముడుచుకుంటుంది, భారమంతా చిప్ప మీద పడుతుంది. సీటు మరీ పైకి ఉంటే నొప్పి మోకాలి వెనక వస్తుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది.

కొలిచే పద్ధతి సులువు. గోడకు ఆనించి సైకిలు ఎక్కండి. పెడలు అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలి తప్ప సీటు మీద కూర్చుని నేలను తడమకూడదు. ఇంకొకటి, సీటు గొట్టం మీద ఇంతకు మించి పైకి లాగకూడదని ఒక గీత చెక్కి ఉంటుంది. దాన్ని దాటితే గొట్టం విరిగే ప్రమాదం ఉంది.

బరువైన గేరు వేసుకుని మూలుగుతూ తొక్కడం కూడా మానండి. తేలిక గేరులో నిమిషానికి ఎనభై చుట్లు తిప్పితే ఊపిరి ఆడక ఆగుతారు గాని మోకాలు పోదు. మా నాన్నగారిది సైకిలు షాపు. చిన్నప్పుడు సీటు ఎక్కలేక పైకడ్డీ కింది నుంచి కాలు దూర్చి వంకరగా తొక్కినవాళ్లమే మేమంతా. అప్పుడు నొప్పులు లేవా అంటే, ఉండే ఉంటాయి, అద్దె గంట అయిపోతుందన్న భయంలో తెలియలేదు.

గుంటూరు గొంతు
28 డిసెంబర్ 2024, ఉదయం 9.05

మా నాన్న ముప్పై ఏళ్లు రోజూ పద్నాలుగు కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ పద్నాలుగు వచ్చి, మిల్లులో పని చేశాడు. లెక్క వేస్తే మీ ఏడాది ఆయనకు మూడు నెలలు కూడా కాదు. దాన్ని ఎవరూ వ్యాపకం అనలేదు. స్కూటర్ కొన్న రోజు మా ఇంట్లో పాయసం వండారు. ఇప్పుడు కారు ఉన్నవాళ్లు యాభై వేలు పోసి సైకిలు కొని, కారు వెనక కట్టుకుని తీసుకెళ్లి, కప్పు కింద తొక్కి, ఫోటో పెడతారు. దానికి తోడు వైన్. తప్పు అనడం లేదు, నాకు నవ్వు వస్తోంది అంతే.

నార్సింగి సైకిలు
28 డిసెంబర్ 2024, ఉదయం 9.30

నవ్వండి, పర్వాలేదు. నాది యాభై వేలది కాదు, కారు వెనక కట్టలేదు. ఫోటో మాత్రం పెట్టాను.

పాత అట్ట
28 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 12.10

బాబూ, నేను తెనాలిలో తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సైకిలు ఎక్కి ఇరవై ఏళ్లయింది, వైన్ సంగతి నాకు తెలియదు. పుస్తకాల దగ్గర మాత్రం ఒక మాట చెప్పాలి. ఏడాదికి ఇరవై నాలుగు అనే లెక్క ఎక్కడి నుంచి తెచ్చావు? వంద పేజీల కథల సంపుటమూ, వెయ్యి పేజీల నవలా ఒకే ఒకటి కిందకు వస్తాయా? అలా లెక్కపెడితే మనిషి సన్న పుస్తకాలే ఏరుకుంటాడు. నీ పదిహేనులో సన్నవి ఎన్ని, నిజం చెప్పు.

మన అలంకార శాస్త్రం వాళ్లు కవిత్వాన్ని పాకాలుగా చెప్పారు. ద్రాక్షాపాకం, నోట్లో వేసుకుంటే చాలు రసం. కదళీపాకం, అరటిపండు తొక్క ఒలిచే పాటి శ్రమ ఉంటుంది. నారికేళపాకం, పీచు తీసి పెంకు పగలగొడితే గాని నీళ్లు దొరకవు. నువ్వు సగంలో ఆపిన నాలుగూ కొబ్బరికాయలై ఉంటాయని నా అనుమానం. కొబ్బరికాయను ద్రాక్షపండులా నమలబోతే పళ్లు పోతాయి. అలాంటివి రోజుకు పది పేజీలు, పెన్సిలుతో, పక్కన నిఘంటువుతో చదవాలి. పడక మీద కాదు, కుర్చీలో.

ద్రాక్ష మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ద్రాక్షారామానికీ ద్రాక్షకూ సంబంధం లేదు, అది దక్షుడి పేరుతో వచ్చింది. ఇది నీ ప్రశ్నకు జవాబు కాదు, ముప్పై నాలుగేళ్ల అలవాటు.

నార్సింగి సైకిలు
28 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 1.00

మాస్టారూ, పట్టేశారు. పదిహేనులో తొమ్మిది నూటయాభై పేజీలు దాటనివి. నవంబరులో లెక్క వెనకబడిందని వరసగా నాలుగు చిన్నవి చదివేశాను. ఇప్పుడు వాటిలో ఒకదాని కథ ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. పడక మీదే చదివాను.

తీరం దారి
28 డిసెంబర్ 2024, సాయంత్రం 5.45

విశాఖపట్నం నుంచి. నేను ఆరేళ్లుగా తొక్కుతున్నాను. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి రావడం మా వారాంతపు పని. వేసవిలో, వానాకాలం మొదట్లో గాలి నైరుతి నుంచి వీస్తుంది. పోయేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది, నేను ఇంత గట్టిదాన్నా అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురొచ్చి ఉన్న సంగతి చెబుతుంది. అందుకని కొత్తవాళ్లకు చెప్పేది ఒక్కటే, ఎంత దూరం పోగలనని కాదు, ఎంత దూరం నుంచి తిరిగి రాగలనని లెక్క వేసుకోవాలి. ఒకసారి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు లోపల ముగించాల్సిన దూర సైకిలు యాత్ర, కూడా పూర్తి చేశాను. పదమూడున్నర గంటల్లో ముగించాలి, నాకు పన్నెండు గంటల పైన పట్టింది. ఆ రోజు నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టినవి కాళ్లు కావు. దారి పొడవునా ఆడవాళ్లు వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఎక్కడా కనబడకపోవడం.

ఇప్పుడు మీ ప్రశ్న. మూడింటిలో ఏది వదలాలి అన్నారు. నేను వేరేది అడుగుతాను. ఆదివారం తెల్లవారుజామున మీరు కొల్లూరు వైపు వెళ్లినప్పుడు పిల్లలను లేపింది ఎవరు, పాలు కాచింది ఎవరు, ఇడ్లీలు వేసింది ఎవరు? పుస్తకం ముఖం మీద పడి మీరు నిద్రపోతున్నప్పుడు ఇంట్లో మెలకువగా ఉన్నది ఎవరు? మీ లెక్కలో కిలోమీటర్లు ఉన్నాయి, పేజీలు ఉన్నాయి, సీసాలు ఉన్నాయి. ఇది లేదు.

నార్సింగి సైకిలు
28 డిసెంబర్ 2024, రాత్రి 8.20

మా ఇంట్లో ఆ సమస్య లేదండీ. ఇద్దరం సర్దుకుంటాం.

తీరం దారి
28 డిసెంబర్ 2024, రాత్రి 8.31

సరే. ఆవిడ వ్యాపకాలేమిటి?

గుంటూరు గొంతు
28 డిసెంబర్ 2024, రాత్రి 8.40

ఇప్పుడు చర్చ బాగుంది.

లివర్‌మోర్ తోట
29 డిసెంబర్ 2024, ఉదయం 10.15

వైన్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. కాలిఫోర్నియాలో లివర్‌మోర్ దగ్గర ఉంటాను. ఇక్కడి శివవిష్ణు ఆలయం తెలియని తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. గుడికి కొద్ది దూరంలోనే 1883 నాటి ద్రాక్షతోటలు ఉన్నాయి, అటు తొంగి చూసినవాళ్లు మాత్రం తక్కువ. నేను పదేళ్లు గుడికే వెళ్లాను, పదకొండో ఏట తోటకు వెళ్లాను. ఇప్పుడు రెండు చోట్లకూ వెళ్తున్నాను, వేరే వేరే రోజుల్లో.

నార్సింగి గారూ, తొమ్మిది సీసాల్లో మీకు తెలిసిందేమిటో రాయలేదు. లెక్క రాశారు, రుచి రాయలేదు. ఏమేమి తాగారు? చల్లగానా, మామూలుగానా? ఏ తిండితో?

నార్సింగి సైకిలు
29 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 2.05

ముందుగా ఒక సంగతి. జనవరిలో మొదటి సీసా కోసం మా వీధి చివర "వైన్స్" అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉన్న దుకాణానికి వెళ్లాను. విస్కీ ఉంది, బ్రాందీ ఉంది, రమ్ము ఉంది, బీరు ఉంది. వైన్ ఉందా అని అడిగితే కౌంటరు వెనక కుర్రాడు నన్ను పైనుంచి కిందికి చూసి "ఎవరికైనా బాగోలేదా సార్?" అన్నాడు. చివరికి పెద్ద దుకాణం వెతుక్కోవలసి వచ్చింది.

ఎక్కువగా నాసిక్‌వి, రెండు బెంగళూరు దగ్గరి నంది కొండల వైపువి. ఎర్రవి ఆరు, తెల్లవి మూడు. "గది వేడిలో తాగాలి" అని ఎక్కడో చదివి మే నెలలో అలాగే తాగాను, కషాయంలా ఉంది. గోంగూర మాంసంతో కెబెర్నే అనే ఎర్ర వైన్ తాగాను, నోరు మండిపోయింది. ఇక రుచి పేర్లంటారా, సీసా వెనక "బ్లాక్‌కరెంట్, దేవదారు, పొగాకు" అని ఉంటుంది. బ్లాక్‌కరెంట్ నేను జన్మలో తినలేదు.

లివర్‌మోర్ తోట
30 డిసెంబర్ 2024, ఉదయం 9.40

అన్నీ మామూలు తప్పులే, అన్నీ నేనూ చేశాను. వరసగా చెబుతాను.

గది వేడి అంటే యూరప్‌లో రాతి గది వేడి, పదహారు పద్దెనిమిది డిగ్రీలు. మే నెల హైదరాబాదు గది కాదు. ఎర్ర వైన్‌ను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. తెరిచిన సీసాకు బిరడా బిగించి ఫ్రిజ్‌లోనే పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది, మూడు వారాలు కాదు.

గోంగూర మాంసం. కెబెర్నేలో వగరు ఎక్కువ, ఆల్కహాలూ ఎక్కువ. ఈ రెండూ కారాన్ని మంటగా మారుస్తాయి. పైగా గోంగూర పులుపు ముందు పులుపు తక్కువైన వైన్ చప్పగా పడిపోతుంది. మన వంటకు పక్కన పెట్టాలంటే వైన్‌కు కూడా వంటంత పులుపు ఉండాలి, వగరు తక్కువ ఉండాలి, కొంచెం తీపి ఉన్నా మంచిదే. కాస్త తీపి మిగిల్చిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చల్లగా తీసుకోండి, అది నాసిక్‌లో బాగా పండుతుంది. చేపల పులుసుకు సావిన్యాన్ బ్లాంక్, అదీ తెల్లదే.

ఇక పేర్ల సంగతి. సీసా వెనక రాసేది వాళ్ల పెరటి రుచులతో. మన పెరట్లో మనకు తక్కువేముంది? టానిన్ అనే మాట అర్థం కావడానికి ఇక్కడి స్నేహితులకు నానా తంటాలు పడి "నాలుక ఎండినట్టు, పళ్లకు పట్టినట్టు" అని వివరిస్తారు. మనం ఉగాది పచ్చడిలో నాకి నేర్చుకున్న మాట ఉంది, వగరు. పచ్చి జామకాయ వగరు వేరు, నేరేడు వగరు వేరు, కరక్కాయ వగరు వేరు అని పల్లెటూళ్లో పిల్లవాడు కూడా చెబుతాడు. నేను నా నోటు పుస్తకంలో తెలుగులోనే రాసుకుంటాను. సిరా అనే ఒక ఎర్ర వైన్ గురించి "నేరేడు, మిరియం, చివర కరక్కాయ" అని ఉంది. షార్డొనే అనే ఒక పాత తెల్ల వైన్ గురించి "వెన్న కాచిన గిన్నె". రెండేళ్ల తర్వాత చదివినా రుచి నాలుక మీదకు వస్తుంది. దేవదారు అని రాసి ఉంటే రాదు.

ఇంకో సరదా సంగతి. ఇక్కడ కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. నాసిక్‌లో జనవరి నుంచి మార్చి దాకా, అంటే సంక్రాంతి కోతల చేతులు ఆరకముందే. చలి దేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్ర లేదు, ఊరుకుంటే ఏడాదికి రెండు కాపులు కాస్తుంది. అందుకని వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి కత్తిరించి, వానలో పండు కుళ్లకుండా పంటను చలికాలానికి జరుపుతారు. మీరు చూడాలనుకుంటే ఫిబ్రవరిలో నాసిక్ వెళ్లండి. సైకిలు కూడా తీసుకెళ్లండి, పుస్తకం వద్దు.

బోయిన్‌పల్లి జాడీ
30 డిసెంబర్ 2024, సాయంత్రం 6.30

సికింద్రాబాదులో మా అమ్మమ్మ ప్రతి నవంబరులో క్రిస్మస్‌కు నల్ల ద్రాక్షతో వైన్ పెట్టేది. ఆవకాయ జాడీలాంటి జాడీ, మూతికి గుడ్డ, రోజూ చెక్క గరిటెతో ఒకసారి తిప్పడం, ఇరవై ఒక్క రోజులు. లవంగాలు, గుప్పెడు గోధుమలు పడేవి. గోధుమలు ఎందుకు అంటే "ఒళ్లు వస్తుంది" అనేది. ఒక ఏడు మా మామయ్య గుడ్డ బదులు బిగుతు మూత పెట్టాడు. ద్రాక్షలో చక్కెరను ఈస్టు తింటే ఆల్కహాలుతో పాటు గాలి కూడా పుడుతుందని ఆయనకు తెలియదు. అర్ధరాత్రి శబ్దానికి వీధంతా లేచింది, వంటింటి కప్పు మీద ఊదారంగు మరక పదేళ్లు ఉంది. కొలతలు కావాలంటే ఇవి:

[కొలతలు తొలగించాం. నిర్వాహకులు]

నిర్వాహకులు
30 డిసెంబర్ 2024, సాయంత్రం 7.10

జాడీ గారూ, అమ్మమ్మ గారి మీద గౌరవంతోనే తీసేశాం. అనుమతి లేకుండా ఇంట్లో మద్యం తయారీ ఎక్సైజ్ చట్టంతో పెట్టుకోవడమే. జ్ఞాపకాలు రాయండి, పాళ్లు వద్దు. అందరికీ ఇంకో మాట: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. సినిమా మొదట్లో వేసినట్టు మేమూ వేశాం.

మందుచీటీ
30 డిసెంబర్ 2024, రాత్రి 9.15

నిర్వాహకులు సరదాగా అన్నారు, నేను వైద్యురాలిగా సీరియస్‌గా అంటాను. నూటయాభై మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు పదిహేను గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. రోజూ ఒక గ్లాసు ఎర్ర వైన్ గుండెకు మంచిదని చెప్పి నా దగ్గరికి వచ్చేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆల్కహాలు క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ఉండటం కొత్త సంగతి కూడా కాదు, 1988 నుంచి ఉంది. వైన్ అయినా విస్కీ అయినా అదే ఆల్కహాలు. ద్రాక్ష తొక్కలో మంచి పదార్థాలు ఉన్నాయంటారు, ఉన్నాయి. అవి కావాలంటే ద్రాక్షపండ్లు తినండి.

రుచి కోసం నెలకో రెండు నెలలకో ఒకసారి తాగుతాను అంటే అది మీ ఇష్టం, పెద్దవాళ్లు. ఆరోగ్యం కోసం తాగుతున్నానని మాత్రం చెప్పకండి. తాగిన రోజు సైకిలు ఎక్కకండి, తెల్లారాక కూడా తలలో బరువు ఉంటే ఎక్కకండి. ఇంకో చిన్న ప్రశ్న: తొమ్మిది సీసాలూ మీరొక్కరే తాగారా?

నార్సింగి సైకిలు
30 డిసెంబర్ 2024, రాత్రి 9.50

ఇద్దరు స్నేహితులతో కలిసి, డాక్టరు గారూ. అయినా మీరు చెప్పాక లెక్క వేశాను. స్నేహితులు రాని మూడు నెలల్లో సీసా అవగొట్టాలన్న తొందరలో నాలుగు రోజులు వరసగా తాగాను. తాగాలని ఉండి కాదు, పాడైపోతుందని. తిండి విషయంలో మా అమ్మ చేసే పనే ఇది.

ముల్లూ పంక్చరూ
31 డిసెంబర్ 2024, ఉదయం 8.00

సవతుల కాపురం అన్నారు కదా. రెంటిని కలపవచ్చు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నార్సింగి నుంచి ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. తెల్లవారుజామున బయలుదేరితే రోడ్లు ఖాళీ, మెహిదీపట్నంలో టీ తాగి వెళ్తే పుస్తకాలు దించే వేళకు అక్కడ ఉంటారు. వీపు మీద సంచి మాత్రం వద్దు, అయిదు పుస్తకాలు కొంటే నడుము పోతుంది. వెనక క్యారియర్ బిగించుకోండి.

పాత అట్ట
31 డిసెంబర్ 2024, ఉదయం 10.30

ఈ సలహా నాకు నచ్చింది. 1930లలో మా వైపు పెదవడ్లపూడి, కొల్లిపర ఊళ్ల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకం పడవెక్కి పాఠకుడి దగ్గరకు పోయేది. నువ్వు సైకిలెక్కి పుస్తకం దగ్గరకు పోతే తప్పేముంది? వీలైతే సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కూడా చూసి రా. 1901లో పెట్టినది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కోసం ఒక ఇల్లు కట్టడం అప్పట్లో చిన్న పని కాదు. వేళలు కనుక్కుని వెళ్లు.

నార్సింగి సైకిలు
5 జనవరి 2025, సాయంత్రం 4.30

ఇవాళ అబిడ్స్ వెళ్లి వచ్చాను. రానూ పోనూ 43 కిలోమీటర్లు. సీటు రెండంగుళాలు పెంచాను, మొదటి అయిదు కిలోమీటర్లు ఒంటె మీద కూర్చున్నట్టు ఉంది, తర్వాత అలవాటైంది. మోకాలు చప్పుడు చేయలేదు. మూడు పుస్తకాలు కొన్నాను. ఒకదాని లోపలి అట్ట మీద "పెళ్లి కానుక, 1968" అని ఎవరిదో చేతిరాత ఉంది. ఆ పెళ్లివారి పుస్తకం ఫుట్‌పాత్ మీదకు ఎలా వచ్చిందా అని దారి పొడవునా ఆలోచించాను. ఎదురుగాలి తెలియలేదు.

తీరం దారి గారికి ఒక జవాబు బాకీ ఉంది. ఆ రోజు మీ ప్రశ్నకు ఒళ్లు మండింది, అందుకే ఒక ముక్కతో తేల్చేశాను. కొత్త సంవత్సరం రోజు మా ఆవిడకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. "2,140 కిలోమీటర్లకు ఎన్ని గంటలు?" అంది. గంటకు పదహారు చొప్పున నూటముప్పై దాకా అవుతాయి అన్నాను. "ఆ నూటముప్పై నావి" అంది.

తర్వాత తెలిసిన సంగతి, పెళ్లయి పదహారేళ్లయినా నాకు తెలియనిది. తను నూజివీడులో ఇంటర్ దాకా సైకిలు మీదే కాలేజీకి వెళ్లేది. మామిడి తోటల పక్క దారి. పెద్ద చదువుకు హాస్టల్‌కు పోయేటప్పుడు ఆ సైకిలు పెదనాన్న కూతురికి ఇచ్చేశారట. నన్నెవరూ అడగలేదు, అంది. సైకిలు ఇచ్చేటప్పుడు అడగలేదనో, తర్వాత ఇన్నాళ్లూ అడగలేదనో నాకు స్పష్టంగా అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

తీరం దారి
5 జనవరి 2025, సాయంత్రం 5.10

రెండోది.

గుంటూరు గొంతు
5 జనవరి 2025, సాయంత్రం 6.00

మొదట్లో వెటకారంగా రాశాను. మా అమ్మ ఎప్పుడూ సైకిలు ఎక్కలేదు. నాన్న స్కూటర్ కొన్న రోజు పాయసం వండింది ఆవిడే. ఎవరి కోసం వండిందో ఇవాళ ఆలోచిస్తున్నాను.

ముల్లూ పంక్చరూ
5 జనవరి 2025, సాయంత్రం 6.20

మీ ఎత్తు ఎంత, ఆవిడ ఎత్తు ఎంత? సీటు బిగించేది మరమేకుతోనా, చేత్తో తిప్పే మీటతోనా?

నార్సింగి సైకిలు
5 జనవరి 2025, సాయంత్రం 6.45

నేను అయిదడుగుల తొమ్మిది, తను అయిదడుగుల నాలుగు. మీట ఉంది, చేత్తోనే తీయవచ్చు.

ముల్లూ పంక్చరూ
5 జనవరి 2025, సాయంత్రం 7.30

సైకిలు దించి పైకడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడమనండి. కడ్డీకీ ఒంటికీ మధ్య రెండంగుళాలు ఖాళీ ఉంటే ప్రస్తుతానికి అదే సైకిలు నడుస్తుంది. హ్యాండిల్ దూరంగా అనిపిస్తే సీటు పట్టాల మీద కొంచెం ముందుకు జరపండి, ఎక్కువ వద్దు. చుడీదారు వేసుకుంటే కుడి కాలు దగ్గర రబ్బరు బ్యాండు తప్పనిసరి, చైను పట్టిందంటే చిరిగితే గాని వదలదు. చున్నీ ఇంట్లో పెట్టి రావాలి. ఇద్దరూ వాడాలంటే సీటు గొట్టం మీద గోళ్ల రంగుతో రెండు గీతలు పెట్టుకోండి, రోజూ కొలవనక్కర్లేదు. నచ్చితే మూడు నెలల తర్వాత ఆవిడకు ఆవిడ సైజు సైకిలు కొనండి.

లివర్‌మోర్ తోట
6 జనవరి 2025, ఉదయం 11.00

ఈ చర్చలో నేను వైన్ గురించి రాసినదంతా వృథా అయినట్టుంది. నాసిక్ సంగతి మాత్రం మరిచిపోకండి. ఇద్దరూ వెళ్లండి.

నార్సింగి సైకిలు
19 జనవరి 2025, ఉదయం 9.20

పండగకు నూజివీడు వెళ్లి వచ్చాం, అందుకే ఆలస్యం. మొన్నటి నుంచి ఏర్పాటు ఇది: మంగళ, గురువారాలు ఉదయం సైకిలు తనది, ఇడ్లీలు నావి. మొదటి రోజు పిండి పలుచనై ఇడ్లీలు అట్లలా వచ్చాయి. పిల్లలు మౌనంగా తిన్నారు. తను పదకొండు కిలోమీటర్లు తొక్కి వచ్చి, హెల్మెట్ తీయకుండానే నాలుగు తింది.

పుస్తకాలకు ఈ ఏడు లెక్క పెట్టుకోలేదు మాస్టారూ. ఒక కొబ్బరికాయ మొదలుపెట్టాను, కుర్చీలో, రోజుకు పది పేజీలు. నలభై ఆరో పేజీలో ఉన్నాను. వైన్ రెండు నెలలకు ఒకటి, స్నేహితులు వచ్చిన రోజే. నోటు పుస్తకంలో మొదటి మాట మా ఆవిడే రాసింది, గ్లాసు వాసన చూసి: "కోసి ఆరబెట్టిన మామిడి ఒరుగు". తాగలేదు, వాసనకే. లివర్‌మోర్ గారూ, అది షెనిన్ బ్లాంకే.

సీటు గొట్టం మీద రెండు గీతలు పెట్టాం. పైది ఎరుపు, నాది. కిందిది గులాబీ, తనది. ఈ ఉదయం నిద్రమత్తులో చూసుకోకుండా ఎక్కి కొల్లూరు దాకా వెళ్లి వచ్చాను. సీటు గులాబీ గీత దగ్గరే ఉంది. ఇప్పుడు మోకాలు నొప్పి.

ముల్లూ పంక్చరూ
19 జనవరి 2025, ఉదయం 9.26

ముందువైపా, వెనకవైపా?